సిస్టర్స్ ఆఫ్ మెర్సీ: ఎక్కడ మొదలెట్టాలి, ఎలా వినాలి

విజయనగరంలో ఎవరితోనైనా గోతిక్ రాక్ వింటానని చెప్పి చూడండి. రెండు ప్రశ్నలు వస్తాయి. "అంటే దెయ్యాల పాటలేటి?" అన్నది మొదటిది. "ఇంట్లో ఏటీ అనరా?" అన్నది రెండోది. మొదటిదానికి జవాబు, కాదు. రెండోదానికి జవాబు, ఇయర్‌ఫోన్లు.

1970ల చివర్లో బ్రిటన్‌లో పంక్ హోరు కాస్త తగ్గాక మొలిచిన సంగీతం ఇది. బౌహౌస్, సూక్సీ అండ్ ద బాన్షీస్, ద క్యూర్ అంటూ పేర్లు చాలానే ఉన్నాయి. నేను మాత్రం మిమ్మల్ని ఒక్క బ్యాండు దగ్గరికే తీసుకెళ్తాను. ద సిస్టర్స్ ఆఫ్ మెర్సీ. ఇంగ్లండులోని లీడ్స్‌లో 1980లో పుట్టింది. ఇప్పటికీ ఊళ్ళు తిరిగి వాయిస్తూనే ఉంది. ఇంతకాలంలో వాళ్ళు తెచ్చిన స్టూడియో ఆల్బమ్‌లు మూడంటే మూడు, 1985లో ఒకటి, 1987లో ఒకటి, 1990లో ఒకటి. ఆ తర్వాత లేదు. కొత్తగా వినేవాళ్ళకి ఇంతకంటే వీలైన బ్యాండు నాకు తెలియదు. ఇరవై ఆల్బమ్‌లున్నవాళ్ళని పట్టుకుంటే ఏది ముందు, ఏది వెనక అని వెతుక్కోవడంలోనే సగం సరదా చచ్చిపోతుంది. వీళ్ళని ఓపిగ్గా వింటే నెల తిరిగేసరికి చేతికొచ్చేస్తారు.

నా పద్ధతి కింద నుంచి పైకి. ముందు డ్రమ్ము, దానితో బేసు, అంటే అడుగున మోగే లావు తీగల గిటారు. తర్వాత గిటారు. ఆ తర్వాత గొంతు. మాటలు ఆఖర్న. మనకున్న అలవాటుకి ఇది పూర్తిగా తలకిందులు. 1919లో సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసుగారిని మొదటి ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టిన ఊరు మన విజయనగరం. ఘంటసాల చదువుకున్నదీ, సుశీలమ్మ పుట్టి పాట నేర్చుకున్నదీ ఇక్కడే. ఈ ఊరి చెవి పాట మొదలవగానే గొంతుని పట్టుకుంటుంది, గొంతు వెంట సాహిత్యాన్ని పట్టుకుంటుంది. ఈ బ్యాండు దగ్గర ఆ పని చేశారో, అర నిమిషంలో ఆపేస్తారు. మా పెద్దమ్మ అలాగే ఆపించింది. "ఏటిరా ఆడికి, జలుబు సేసిందేటి?" అంది. ఆవిడ తప్పేం లేదు. బ్యాండు గాయకుడు ఆండ్రూ ఎల్‌డ్రిచ్ గొంతు అంత లోతుగా, అంత పొడిగా ఉంటుంది. గొంతు దగ్గర మొదలెట్టేవాళ్ళకి ఆ పాటలో ఇంకేమీ వినబడదు.

ముందు ఫోన్ స్పీకరు కట్టేయండి

ఇది చాదస్తం కాదు. బేస్ గిటారులో అన్నిటికంటే లావు తీగ పలికేది 41 హెర్ట్జ్ దగ్గర. మీ ఫోన్లో గోరంత ఉండే స్పీకరు అంత కిందికి దిగలేదు. దిగకపోతే పాటలో సగం లేనట్టే. మిగిలేది గిటారు గీర, ఆ పైన జలుబు చేసిన గొంతు. ఖరీదైనవేం అక్కర్లేదు. చెవిలో బిగుతుగా కూర్చునే మామూలు వైరు ఇయర్‌ఫోన్లు చాలు. రబ్బరు బుడిపె వదులైతే బేసు బయటికి జారిపోతుంది, అందుకని పెట్టెలో ఇచ్చే మూడు సైజులూ పెట్టి చూసి మీ చెవికి సరిపోయేది ఉంచుకోండి. యాప్‌లో ఈక్వలైజరు ఉంటే దాన్ని ముట్టుకోకండి. ముఖ్యంగా 'బేస్ బూస్ట్' జోలికి పోకండి. బేసు పెద్దదవుతుంది కానీ ఏ స్వరం ఎక్కడ తెగిందో తెలియదు. మనకి కావలసింది ఆ తెగడమే.

చోటు కూడా చూసుకోవాలి. కాంప్లెక్సులో వైజాగ్ బస్సెక్కి మొదటిసారి వినొద్దు. ఇంజను మోత సరిగ్గా బేసు ఉండే చోటే కూర్చుంటుంది. దసరా వెళ్ళాక పైడితల్లమ్మ సిరిమాను మంగళవారం దాకా ఊళ్ళో ఉన్న మైకులన్నీ ఒకేసారి పాడుతుంటాయి, ఆ రోజుల్లో ఈ ప్రయత్నం మానుకుని పండగ చూడండి. రాత్రి భోజనాలయ్యాక మేడ మీద, లేదా పొద్దున్నే పెద్దచెరువు గట్టు మీద నడుస్తూ వినడం నాకు కుదిరిన పద్ధతి. ఈ పాటలు నడకకి బాగుంటాయి, ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

వెతికేటప్పుడు ఒక చిక్కు. బ్యాండు పేరు కొడితే లియొనార్డ్ కోహెన్ 1967 నాటి పాట కూడా పైకి రావచ్చు. వీళ్ళు పేరు తీసుకున్నది అక్కణ్ణించే. అది గిటారు మీద మెత్తగా సాగే పాట, దానికీ వీళ్ళకీ పేరు తప్ప పోలిక లేదు. బ్యాండు గుర్తు చూసుకోండి. నక్షత్రం, దాని ముందు చర్మం ఒలిచిన మనిషి తల. గ్రేస్ అనాటమీ అనే వైద్య పుస్తకంలోని బొమ్మ అది. మెడికల్ కాలేజీ పిల్లలు వెంటనే గుర్తుపడతారు. ఇక పేరు చూసి కాన్వెంటు సిస్టర్లు పాడిన భక్తిగీతాలనుకునేవాళ్ళు మన చుట్టాల్లో ఒకరైనా ఉంటారు. వాళ్ళని సరిదిద్దకండి. ఇంట్లో అదొక రక్షణ.

మొదటి పాట: లుక్రీషియా మై రిఫ్లెక్షన్

1987 నాటి ఫ్లడ్‌ల్యాండ్ ఆల్బమ్‌లో మూడో పాట. మొదటి రోజు ఇదొక్కటే. మూడు నాలుగు సార్లు, ప్రతిసారీ ఒకే పొర మీద ధ్యాస పెట్టి వినండి.

మొదటిసారి డ్రమ్ము. అక్కడ మనిషి లేడు, మెషినుంది. ఈ బ్యాండులో దాదాపు మొదటి నుంచీ ఇప్పటిదాకా ఎల్‌డ్రిచ్‌తో పాటు మారకుండా ఉన్నది ఆ మెషిన్ ఒక్కటే. దానికో పేరు కూడా ఉంది, డాక్టర్ అవలాంచ్. బ్యాండు సభ్యుల వరసలో దాని పేరూ వేస్తారు. కంపెనీలు మారాయి, మోడళ్ళు మారాయి, పేరు మాత్రం అదే. 1980లో వచ్చిన వాళ్ళ మొదటి రికార్డులో డ్రమ్ములు వాయించింది ఎల్‌డ్రిచ్చే. తర్వాత కర్రలు మెషినుకి అప్పజెప్పి ఆయన మైకు దగ్గరికి వచ్చేశాడు. రాక్ సంగీతంలో డ్రమ్మర్ లేకపోవడమేంటని అప్పట్లో మొహం చిట్లించినవాళ్ళున్నారు. మన కచేరీల్లో తంబూరా పోయి ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె వచ్చి కూర్చున్నప్పుడూ ఇలాగే అన్నారు, ఇప్పుడెవరికీ పట్టదు. ఇక్కడ మెషిన్ చేసే పని కూడా అలాంటిదే. అది అలసిపోదు, పరిగెత్తదు, పాట ఉద్రేకపడినా తను పడదు. దాని పక్కన మిగతావాళ్ళు ఎంత ఊగినా నిలబడడానికి నేల ఉంటుంది.

రెండోసారి బేసు. మెషిన్ దెబ్బ మీదికి వచ్చి కూర్చునే ఆ వరసని పట్టుకోండి. పాట పొడుగునా అది వదలదు. పాట నాలుగు దెబ్బల లెక్కలో నడుస్తుంది, కాబట్టి ఆదితాళం వేయడం వచ్చినవాళ్ళు చేత్తో వేస్తూ వినండి, తేడా వెంటనే తెలుస్తుంది. తాళం వేస్తున్న చెయ్యి మెషిన్‌తో పోతుంది, తల బేసుతో ఊగుతుంది. సంగీత కళాశాలలో మృదంగం నేర్చుకున్న ఒక స్నేహితుడికి ఇదే పాట ఇచ్చాను. కాసేపు వేళ్ళతో తొడ మీద లెక్క కట్టి, "లెక్కలో ఏటీ లేదు, కానీ ఆగబుద్దెయ్యట్లేదు" అన్నాడు. ఈ బ్యాండుకి అంతకంటే మంచి పరిచయవాక్యం నేను రాయలేను.

మూడోసారి గిటారు. ఇది సోలోలు వాయించే గిటారు కాదు. వచ్చి ఒక గీత గీసి వెళ్ళిపోతుంది. అది ఎప్పుడు లేదో గమనిస్తే, ఉన్నప్పుడు ఏం చేస్తోందో తెలుస్తుంది. ఆ తర్వాత, అప్పుడు మాత్రమే, గొంతు వినండి. ఈపాటికి అది జలుబుగా అనిపించదు. బేసు కిందకి ఇంకో బేసులా ఉంటుంది. ఎల్‌డ్రిచ్ గొంతుని పాటకి పైన పెట్టడు, లోపల పెడతాడు. మన పాటలు గొంతు కోసం కట్టినవి. ఇక్కడ గొంతు కూడా కట్టడంలో ఒక ఇటుక.

రెండో మెట్టు: ఫ్లడ్‌ల్యాండ్ మొత్తం

కాలక్రమంలో వినడం మర్యాద అని మీకు ఎవరైనా చెబితే వినకండి. 1985 ఆల్బమ్‌తో మొదలెడితే చాలామంది మధ్యలో దిగిపోతారు. 1987 ఆల్బమ్ మధ్య గుమ్మం, అక్కణ్ణించి అటూ ఇటూ వెళ్ళొచ్చు.

ఎనిమిది పాటలు. యాప్‌లో ఉన్నది తర్వాతి ముద్రణ అయితే చివర్లో అదనపు పాటలు తగిలిస్తారు, అవి ఇప్పుడే వద్దు. గ్రామఫోన్ రికార్డులో ఉన్నట్టు నాలుగు, నాలుగుగా విడదీసి రెండు పూటల వినండి.

మొదటిది డొమినియన్, మదర్ రష్యా రెండూ కలిసిన పాట. దీని వెనక 1986 నాటి చెర్నోబిల్ ప్రమాదం నీడ ఉంది, ఇంగ్లీషు కవి షెల్లీ రాసిన ఓజిమాండియాస్ పద్యం కూడా ఉంది. ఇసుకలో పడున్న చక్రవర్తి విగ్రహం గురించిన పద్యం అది. వీడియో జోర్డాన్‌లోని పెట్రాలో, ఎర్రరాతి కొండల్లో చెక్కిన ఆ పాత నగరంలో తీశారు. వీడియో చూడండి, కానీ పాట నాలుగైదు సార్లు విన్నాక. ముందే చూస్తే గుర్రం, ఎండ, నల్లకళ్ళద్దాలు గుర్తుంటాయి, పాట గుర్తుండదు.

తర్వాత ఫ్లడ్ వన్, ఆపైన మీకు ఇప్పటికే వచ్చేసిన లుక్రీషియా. నాలుగోది 1959, ఎల్‌డ్రిచ్ పుట్టిన సంవత్సరం. ఇందులో పియానో, గొంతు తప్ప ఏమీ లేవు. ఇంతసేపూ గొంతు వెనక దాక్కున్నది ఏమిటో ఇక్కడ బయటపడుతుంది. ఆ గొంతు నచ్చిందా లేదా అన్న తీర్పు ఈ పాట దగ్గర ఇవ్వండి, అంతకు ముందు కాదు.

రెండో పూట మొదటి పాట దిస్ కరోజన్. దీనికి కాస్త సిద్ధం కావాలి. నిర్మాత జిమ్ స్టైన్‌మన్, మీట్ లోఫ్ అనే గాయకుడికి బ్యాట్ అవుట్ ఆఫ్ హెల్ ఆల్బమ్ రాసిన మనిషి, బానీ టైలర్ చేత టోటల్ ఎక్లిప్స్ ఆఫ్ ద హార్ట్ పాడించిన మనిషి. తక్కువలో చేయడం ఆయనకి తెలియదు. పాట ఆల్బమ్‌లో పది నిమిషాల అటూ ఇటూ సాగుతుంది. న్యూయార్క్ కోరల్ సొసైటీ నుంచి నలభై మందిని తెచ్చి బృందగానం పాడించారు. ఆ నలభై గొంతులూ ఒక్కసారి లేచేసరికి మొదటిసారి వినేవాళ్ళకి నవ్వొస్తుంది. నవ్వండి. అది నవ్వాల్సిన చోటే. బ్యాండు వదిలి వెళ్ళిన పాత మిత్రుల మీద విసురు ఇది అని అభిమానులు చెప్పుకుంటారు, అంత ఆర్భాటం అందుకే అనుకుంటే పాట ఇంకా బాగుంటుంది. బ్రిటన్ చార్టులో ఇది 7వ స్థానం దాకా ఎక్కింది. అంతసేపటి వెటకారాన్ని ఒక దేశం కొనుక్కుందంటే నాకు ఇప్పటికీ ముచ్చటే.

ఆ తర్వాతి మూడు పాటలూ నెమ్మది. చివరి నెవర్‌ల్యాండ్ మొదట్లో విసుగనిపిస్తుంది. వదిలేయండి, తర్వాత అదే వస్తుంది.

మూడో మెట్టు: వెనక్కి, 1985కి

ఇక్కడ కాస్త కథ కావాలి. 1983 చివర్లో వేన్ హస్సీ అనే గిటారిస్టు బ్యాండులో చేరాడు. అప్పటికే గిటారు మీద గ్యారీ మార్క్స్, బేసు మీద క్రెయిగ్ ఆడమ్స్ ఉన్నారు. ఈ నలుగురూ, మెషినూ కలిసి చేసిన ఆల్బమ్ ఫస్ట్ అండ్ లాస్ట్ అండ్ ఆల్వేస్. 1985 మార్చిలో వచ్చింది. అది వచ్చిన కొద్ది రోజులకే గ్యారీ మార్క్స్ వెళ్ళిపోయాడు. జూన్ 18న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో వాయించారు, ఆ కచేరీని వేక్ పేరుతో వీడియోగా తెచ్చారు. పొగ యంత్రాలు ఎంత పెట్టారంటే చాలాసేపు ఎవరు ఎవరో తెలియదు. ఆ ఏడాదే హస్సీ, ఆడమ్స్ కూడా బయటికి వచ్చేశారు. ద సిస్టర్‌హుడ్ అనే పేరు పెట్టుకుందామనుకున్నారు. ఎల్‌డ్రిచ్ ఊరుకుంటాడా? వాళ్ళకంటే ముందు తనే 1986 మొదట్లో ఆ పేరుతో రికార్డు విడుదల చేసేశాడు. వాళ్ళు ద మిషన్ అని పేరు మార్చుకున్నారు. మన ఊళ్ళో ఒకే పేరుతో ఎదురెదురుగా రెండు మిఠాయి దుకాణాలు వెలిసిన తగాదాలు చూసినవాళ్ళకి ఇందులో అర్థం కానిదేం ఉండదు.

ఆల్బమ్ సంగతి. హస్సీ రాకతో గిటారు మారిపోయింది. పన్నెండు తీగల గిటారు మెరుపు, ఒకదాని మీద ఒకటి అల్లిక. ఫ్లడ్‌ల్యాండ్‌లో గీత గీసి వెళ్ళిపోయిన గిటారు ఇక్కడ పాటంతా అల్లుకుని ఉంటుంది. వాక్ అవే, మారియన్ ఈ రెంటితో మొదలెట్టండి. మారియన్‌లో ఒక చరణం జర్మన్‌లో పాడతాడు. ఎల్‌డ్రిచ్ ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్రెంచి, జర్మన్ సాహిత్యం చదివాడు, తర్వాత చైనీస్ నేర్చుకోవడానికే లీడ్స్ వచ్చాడు. భాష అర్థం కాకపోయినా ఫరవాలేదు, మనం మాటల దాకా ఇంకా రాలేదు.

నైన్ వైల్ నైన్ అనే పాటని మాత్రం రైల్వే స్టేషనులో వినండి. రైలు కోసం ఎదురుచూస్తూ, వదిలిపోయిన మనిషిని తలుచుకునేవాడి పాట అది. విజయనగరం స్టేషనులో రాయగడ వైపు లైను చీలే చివర్న, ప్లాట్‌ఫారం మీద జనం పలచబడే చోట ఒక బెంచీ చూసుకుని, రైలుకి ఇంకా టైమున్నప్పుడు పెట్టుకోండి. ఒక్క చెవిలోనే పెట్టుకోండి, అనౌన్స్‌మెంటు వినబడాలి కదా. ఆ బేసు వరస మళ్ళీ మళ్ళీ అదే చోటికి తిరిగి వస్తుంటే, ఎదురుచూడ్డం అనే పని ఎలా ఉంటుందో మాటలు తెలియకుండానే తెలుస్తుంది. రాయల్ ఆల్బర్ట్ హాల్లో విన్నవాళ్ళకంటే మనకే ఇది బాగా పడుతుందని నా నమ్మకం.

ఆల్బమ్ ఆఖరి పాట సమ్ కైండ్ ఆఫ్ స్ట్రేంజర్. పొడుగ్గా ఉంటుంది, పొడుగ్గానే ఉండాలి.

నాలుగో మెట్టు: మొదటి రికార్డులు, రెండు టెంపుల్స్

ఆల్బమ్‌లు రాకముందు 1980 నుంచి 1983 దాకా వాళ్ళు చిన్న రికార్డులు చాలా తెచ్చారు. మొదటిది ద డ్యామేజ్ డన్. రేడియోలో తమ పాట తాము వినాలన్న కోరికతో చేసింది, వినిపించనే వినిపించింది. ఈ పాతవన్నీ కలిపి 1992లో సమ్ గర్ల్స్ వాండర్ బై మిస్టేక్ అనే సంకలనం తెచ్చారు. వరసగా వినొద్దు. 1982 నాటి ఆలిస్ విని, దాని వెనకవైపున్న ఫ్లోర్‌షో విని, 1983 నాటి టెంపుల్ ఆఫ్ లవ్‌కి వచ్చేయండి. రికార్డింగు గరుగ్గా ఉంటుంది. ఆడమ్స్ బేసుని ఫజ్ పెడల్ అనే శబ్దం గరుకుచేసే పెట్టెలోంచి పంపి చించేసినట్టు వాయిస్తాడు. మీ ఇయర్‌ఫోన్లు పాడయ్యాయని కంగారుపడకండి.

ఇప్పుడు టెంపుల్ ఆఫ్ లవ్ 1992 అని ఉన్న రెండో రూపం పెట్టండి. అదే పాటని మళ్ళీ రికార్డు చేసి, యెమెన్ మూలాలున్న ఇజ్రాయెల్ గాయని ఓఫ్రా హాజా చేత పాడించారు. బ్రిటన్‌లో ఇది 3వ స్థానానికి వెళ్ళింది, వాళ్ళ పాటల్లో అంత పైకి ఎక్కింది ఇంకోటి లేదు. కింద ఎల్‌డ్రిచ్ గొంతు కదలకుండా ఉంటే, పైన ఓఫ్రా గొంతు గమకాలతో తిరుగుతుంది. మన చెవికి ఆ తిరుగుడు వెంటనే తగులుతుంది. అందుకే ఇంట్లోవాళ్ళకి ఈ బ్యాండు వినిపించాలంటే ఈ ఒక్క పాటే వినిపించాలి. మా పెద్దమ్మ కూడా దీన్ని ఆఖరిదాకా విని, "ఈ గుంట బాగా పాడతంది. మద్దిలో ఆడెందుకు?" అంది.

అభిమానుల్లో 1983 గొప్పదా, 1992 గొప్పదా అన్న వాదం తెగదు. నాది 1983 వైపు. డబ్బులు లేనివాళ్ళు చేసిన పాట అది, ఆ తొందర దాని బేసులో ఉంది. మీరు రెండూ విని మీ వైపు మీరు తేల్చుకోండి.

ఐదో మెట్టు, చిన్నది: విజన్ థింగ్

1990. ఇది గిటారు ఆల్బమ్, హార్డ్ రాక్‌కి దగ్గర. పేరు అప్పటి అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్, పెద్ద బుష్, వాడిన మాట నుంచి వచ్చింది. టైటిల్ పాట, మోర్, సమ్‌థింగ్ ఫాస్ట్ వింటే చాలు. మోర్‌లో స్టైన్‌మన్ మళ్ళీ ఉన్నాడు, కాబట్టి మళ్ళీ ఆర్భాటమే. ఏసీ/డీసీ లాంటి హార్డ్ రాక్ బ్యాండ్లు ఇష్టపడే బావగారో, సీనియరో ఉంటే వాళ్ళకి ఇదే గుమ్మం. నాకు ఫ్లడ్‌ల్యాండ్ ఉన్న ఇంట్లో ఇది రెండో గది.

ఇప్పుడు మాటలు

ఇన్నాళ్ళూ ఆపమన్నాను, ఇక తెరవండి. పాటతో పాటు సాహిత్యం చదవండి. సమాధులూ, గబ్బిలాలూ ఉంటాయనుకుని వెళ్తే నిరాశే. అక్కడ ఉన్నది ప్రచ్ఛన్న యుద్ధం, అమెరికా, మత్తుమందులు, విడిపోవడాలు, వీటన్నిటి మీదా ముఖం మార్చకుండా వేసే జోకులు. పొడి గొంతుతో చెబుతాడు కాబట్టి జోకని తెలియడానికి టైము పడుతుంది. మన దగ్గర పెద్దవాళ్ళు నవ్వకుండా వెటకారం చేస్తారే, ఆ రకం. ఎల్‌డ్రిచ్‌ని గోత్, అంటే గోతిక్ రాక్ మనిషి, అంటే మండిపడతాడు. తమది రాక్ బ్యాండని ఎన్నో ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాడు. నల్లబట్టల అభిమానులు మాత్రం వినిపించుకోలేదు. 1991లో అమెరికాలో పబ్లిక్ ఎనిమీ అనే హిప్ హాప్ బృందంతో కలిసి యాత్ర పెట్టుకున్నది ఈ గొలుసు తెంపుకోవడానికేనేమో అనిపిస్తుంది నాకు. అందులో కొన్ని కచేరీలు రద్దయ్యాయి కూడా.

బట్టల మాట వచ్చింది కాబట్టి. మే నెలలో మూడు లాంతర్ల దగ్గర నల్లచొక్కాతో, నల్లప్యాంటుతో నిలబడడం సంగీతాభిమానం కాదు, వడదెబ్బ. శుభకార్యానికి నల్లది వేసుకెళ్తే ఇంట్లో జరిగేది నేను చెప్పక్కర్లేదు. ఎంత మోజున్నా కార్తీకం దాకా ఆగండి. అయ్యప్ప దీక్షలు మొదలవుతాయి, ఊరంతా నల్లగా ఉంటుంది, ఎవరూ ఏమీ అడగరు. "స్వామీ" అని దారి కూడా ఇస్తారు. మరి అప్పుడు కాళ్ళకి బూట్లుంటే మాత్రం చూసేవాళ్ళకి అనుమానం వస్తుంది.

కొత్త పాటలు కావాలంటే

1990 తర్వాత ఆల్బమ్ లేదన్నాను, పాటలు లేవనలేదు. రికార్డు కంపెనీతో ఏళ్ళ తరబడి గొడవ జరిగింది. ఒప్పందం తీర్చుకోవడానికి 1997లో డ్రమ్ములే లేని రికార్డింగు ఒకటి తయారుచేసి వాళ్ళ చేతిలో పెట్టాడు ఎల్‌డ్రిచ్. కంపెనీ దాన్ని విడుదల చేయలేదు, ఆయన మాత్రం విడుదలయ్యాడు. అప్పటి నుంచి కొత్త పాటలు కచేరీల్లోనే వాయిస్తున్నారు. సమ్మర్, క్రాష్ అండ్ బర్న్ పాతికేళ్ళ కిందటి వరసలోవి. బెటర్ రెప్టైల్, ఐ విల్ కాల్ యు, డోంట్ డ్రైవ్ ఆన్ ఐస్ 2019 నుంచి వచ్చినవి. స్టూడియో రూపం లేదు కాబట్టి అభిమానులు ఫోన్లో తీసినవే దిక్కు. వీటిని వినేటప్పుడు ఒక జాగ్రత్త. ఫోన్ మైకు బేసుని సరిగ్గా పట్టదు, ముందు వరసలో నిలబడి తీసినవాటిలో పక్కవాడి పాట కూడా కలుస్తుంది. హాలు వెనక నుంచి, మిక్సింగు బల్ల దగ్గర నుంచి తీసినవి వెతకండి. బొమ్మ చిన్నగా ఉంటుంది, శబ్దం నయం. ఎల్‌డ్రిచ్ గొంతు ఇప్పుడు ఇంకా కిందికి దిగింది, కొన్నిచోట్ల మాట కంటే గరగరే ఎక్కువ. కొత్త గిటారిస్టులు ఆ లోటు తెలియకుండా లాక్కొస్తారు. వీటిని మూడు ఆల్బమ్‌లూ అయ్యాకే పట్టుకోండి. ముందే చూస్తే బ్యాండంటే ఇదే అనుకుంటారు.

ఇది అయిపోతే

గిటారు అల్లిక నచ్చినవాళ్ళు ద మిషన్‌కి వెళ్ళండి. 1988 నాటి టవర్ ఆఫ్ స్ట్రెంగ్త్ మొదట. దాన్ని నిర్మించింది లెడ్ జెప్లిన్ బేసిస్టు జాన్ పాల్ జోన్స్. బేసు నచ్చినవాళ్ళు వెనక్కి, బౌహౌస్ 1979 రికార్డు బేలా లుగోసీస్ డెడ్‌కి వెళ్ళండి, తొమ్మిది నిమిషాల పైన ఉంటుంది, గోతిక్ రాక్‌కి అదే మొదటి రాయి అని చాలామంది అంటారు. గొంతులో దిగులు కావాలనుకునేవాళ్ళకి క్యూర్ 1989 ఆల్బమ్ డిసింటిగ్రేషన్. అది వానాకాలానికి అట్టే పెట్టుకోండి. ఎండాకాలం మధ్యాహ్నం, కరెంటు లేనప్పుడు ఆ ఆల్బమ్ వినమని నేనెవరికీ చెప్పను.